అయిదు వేల గీత

పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చివర మొదటి షెడ్యూలు అని పెద్ద పట్టిక ఒకటి ఉంది. దానికి ఆరు గడులు. సెక్షను నంబరు, నేరం, శిక్ష, పోలీసులు తమంతట తాము కేసు కట్టవచ్చా లేదా, బెయిలు హక్కుగా వస్తుందా రాదా, ఏ కోర్టు విచారించాలి. ఏ నేరానికైనా జాతకం ఆ ఆరు గడుల్లోనే ఉంటుంది. ఈ మధ్య దాన్ని మళ్లీ తిరగేస్తుంటే దొంగతనం దగ్గర కన్ను ఆగిపోయింది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం సెక్షను 303(2)కి అక్కడ రెండు వరసలున్నాయి. పై వరస ప్రకారం దొంగతనం కాగ్నిజబుల్ (పోలీసులు తమంతట తాము కేసు కట్టగల నేరం), నాన్ బెయిలబుల్. దాని కింది వరసలో సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉంటే అదే దొంగతనం నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్.

ఈ కింది వరస పాత చట్టంలో లేదు. 2024 జూలై 1న వచ్చింది. కొత్తపట్నం ఒడ్డున ఇసుకలో ఆరేసిన నాలుగు వేల రూపాయల వల ఒకటి 2024 జూన్ 30 పగలు పోయిందనుకుందాం. ఐపీసీ 379 కింద పోలీసులు కేసు కట్టి తీరాలి. అదే వల మర్నాడు పోతే కట్టనక్కర్లేదు. కట్టనక్కర్లేదనడం కూడా తక్కువ మాటే. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా దర్యాప్తు చేయడానికి వాళ్లకు అధికారమే లేదు.

ఆ కింది వరస ఇలా ఉండకూడదన్నది నా అభిప్రాయం. చిన్న దొంగకు జైలు బదులు సమాజ సేవ శిక్షగా వేయడాన్ని నేను కాదనడం లేదు, అది మంచి మార్పు. నా అభ్యంతరమంతా నాలుగో గడి మీదే, పోలీసులు కేసు కట్టవచ్చా లేదా అన్నదాని మీదే.

నేరాన్ని దేనితో కొలుస్తున్నారు

మన వాడుకలో నేరాలు రెండే రకాలు, చిన్నవి, పెద్దవి. చట్టం కొలతలు వేరు. మొదటిది శిక్ష. షెడ్యూలు రెండో భాగంలో, న్యాయ సంహితలో లేని ఇతర చట్టాల నేరాల కోసం ఒక సూత్రం పెట్టారు. మూడేళ్లు, ఆ పైన శిక్ష పడేదైతే కాగ్నిజబుల్, అంతకు తక్కువైతే నాన్ కాగ్నిజబుల్. దొంగతనానికి మొదటిసారి పడే గరిష్ఠ శిక్ష మూడేళ్లు. చట్టం తాను రాసుకున్న సూత్రం ప్రకారమే అది పోలీసులు కేసు కట్టే నేరం.

(నాన్ బెయిలబుల్ అంటే బెయిలే రాదని ఇప్పటికీ చాలామంది భయపడుతుంటారు. స్టేషన్లో హక్కుగా రాదని, కోర్టు చూసి ఇస్తుందని మాత్రమే దాని అర్థం. దొంగతనం కేసుల్లో రోజూ ఇస్తూనే ఉంటారు.)

రెండో కొలత శరీరం. మామూలు దెబ్బకు న్యాయ సంహిత 115(2), ఏడాది లోపు శిక్ష, నాన్ కాగ్నిజబుల్. తీవ్ర గాయానికి 117(2), ఏడేళ్ల వరకు, కాగ్నిజబుల్. ఈ రెంటి మధ్య గీత 116లో ఉంది. కన్ను పోవడం, చెవి వినపడకపోవడం, ఎముక విరగడం, పన్ను ఊడటం లాంటివి మొత్తం ఎనిమిది రకాలు చెబుతుంది ఆ సెక్షను. చివరిది, ప్రాణం మీదికి తెచ్చిన దెబ్బ, లేదా పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పి పెట్టినదో, రోజువారీ పని చేసుకోనివ్వనిదో. పాత చట్టంలో ఆ గడువు ఇరవై రోజులు. పొలం గట్టు దగ్గర జరిగిన కొట్లాట ఏ సెక్షను కిందకు పోతుందో ఆసుపత్రిలో రాసే గాయం సర్టిఫికెట్టు తేలుస్తుంది. ఒక పన్ను కదిలిందా, ఊడిందా అన్నదాని మీద ఆరేళ్ల శిక్ష తేడా! కఠినమే, కానీ న్యాయం తప్పిన గీత కాదది. ఎక్స్‌రే ఉంటుంది, డాక్టరుంటాడు, పైగా పన్ను ఎవరికైనా పన్నే. ఆసామికీ కూలీకీ దవడలో ఒకే లెక్క.

రూపాయి అలాంటిది కాదు. నాలుగు వేలు ఒకడికి ఒక పూట ఖర్చు, ఇంకొకడికి నెల తిండి. వల పోయినవాడు కొత్త వల కొనేదాకా వేటకు పోలేడు. ఆ రోజుల కూలి 5,000 లెక్కలోకి రాదు. చట్టం చూసేది పోయిన వస్తువు ధర, పోవడం వల్ల ఆగిపోయిన బతుకు కాదు.

మూడు షరతుల్లో ఒకటే చేతిలో ఉంది

అసలు లోపం ఎక్కడుందో తెలియాలంటే 303(2) చివరి మాటలను, షెడ్యూలు వరసను పక్కపక్కన పెట్టి చదవాలి.

సమాజ సేవ శిక్ష పడాలంటే న్యాయ సంహిత మూడు షరతులు పెట్టింది. సొత్తు విలువ 5,000 లోపు ఉండాలి. ముద్దాయికి ఇదే మొదటి శిక్ష కావాలి. సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేయాలి. ఈ మూడూ తీర్పు చెప్పే రోజు జడ్జి చూసుకోవలసినవి. షెడ్యూలులో మాత్రం మొదటిదాన్నే పట్టుకుని, దాన్ని తీసుకొచ్చి స్టేషను గుమ్మంలో నిలబెట్టారు.

వల పోయిందని చెప్పడానికి వచ్చిన మనిషికి తెలిసింది ఎంత? వల పోయింది, అంతే. ఎత్తుకుపోయింది ఎవరో తెలియదు. వాడికి ఇది మొదటిసారో పదోసారో తెలియదు. తిరిగి ఇస్తాడో లేదో అసలే తెలియదు. పాత నేరస్తుడైతే రెండోసారి, ఆపై శిక్షకు ఏడాదికి తగ్గకుండా అయిదేళ్ల దాకా కఠిన కారాగారం ఉంది. వాడు పాత నేరస్తుడో కాదో తేలాలంటే ముందు దొరకాలి. దొరకాలంటే దర్యాప్తు జరగాలి. సొత్తు విలువ నాలుగు వేలు కాబట్టి దర్యాప్తు లేదు. కేసు ఆఖర్న తేలాల్సిన సంగతిని కేసు కట్టకముందే తేలిపోయినట్టు రాసుకున్నారు.

ఇక సురక్షా సంహిత 174 ప్రకారం స్టేషన్లో జరిగేది ఇది. చెప్పిన విషయం సారాంశాన్ని పుస్తకంలో రాసుకుంటారు. మనిషిని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమంటారు. అలాంటి వాటి డైలీ డైరీ రిపోర్టును పదిహేను రోజులకోసారి మేజిస్ట్రేటుకు పంపుతారు. వల పోయిన మనిషి పనులు మానుకుని ఒంగోలు వెళ్లి 223 కింద ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. ముక్కూ మొహం తెలియని వ్యక్తి మీద కూడా ఫిర్యాదు వేయవచ్చని చట్టంలో ఫిర్యాదుకు ఇచ్చిన నిర్వచనంలోనే ఉంది. కానీ అదే 223లో కొత్తగా ఒక షరతు చేర్చారు. ముద్దాయికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా మేజిస్ట్రేటు ఆ నేరాన్ని విచారణకు తీసుకోకూడదు. తెలియని దొంగకు నోటీసు ఏ ఇంటి తలుపుకు అంటిస్తారు?

మిగిలిన దారి 174(2). దర్యాప్తు చేయండని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తే పోలీసులు చేయవచ్చు, వారెంటు లేకుండా అరెస్టు మాత్రం కుదరదు. ఆ ఉత్తర్వు కోసం పిటిషను, ప్లీడరు ఫీజు, రెండు మూడు వాయిదాల బస్సు ఛార్జీలు కలిపితే వల ధర దాటిపోతుంది.

పొలం ఉన్నవాడికి దారి దొరుకుతుంది

ఇక్కడ నాకే ఎదురయ్యే వాదన ఒకటుంది. చట్టం తెలిసినవాళ్లు ఎవరైనా వెంటనే ఎత్తి చూపేదే. 174(4) ఏమంటుందంటే, ఒకే కేసులో రెండు మూడు నేరాలుండి వాటిలో ఒక్కటైనా కాగ్నిజబుల్ అయితే మొత్తం కేసు కాగ్నిజబులే. నేరం చేసే ఉద్దేశంతో ఇంకొకరి స్వాధీనంలో ఉన్న స్థలంలోకి దిగడం న్యాయ సంహిత 329 కింద అక్రమ ప్రవేశం. దానికి శిక్ష మూడు నెలలే అయినా అది కాగ్నిజబుల్.

పొదలకూరు వైపు నిమ్మతోట తీసుకోండి. రాత్రి ఎవరో దిగి అరవై కిలోల కాయ కోసుకుపోయారు. చెట్టున ఉన్న కాయ భూమికి అంటుకుని ఉన్నట్టు లెక్క, కాబట్టి అది చరాస్తి కాదు, దొంగతనానికి వస్తువే కాదు. తెంపిన క్షణాన చరాస్తి అవుతుంది. తెంపడమూ తీసుకుపోవడమూ ఒకే చేష్టలో జరిగినా దొంగతనమేనని 303 వివరణలు చెబుతాయి. ధర కిలో వంద ఉన్న రోజు ఆ కాయ ఆరు వేలు, కేసు కడతారు. నలభైకి పడిన రోజు అదే కాయ రెండు వేల నాలుగు వందలు. నిమ్మ ధర ఎలా ఎగిరి ఎలా పడుతుందో గూడూరు మార్కెట్టుకు కాయ తోలేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఒకే తోట, ఒకే దొంగ, అంతే కాయ. మార్కెట్టును బట్టి నేరం తరగతి మారిపోతుంది.

అయినా తోట యజమానికి దారి ఉంది. తోట చుట్టూ కంచె, ఆయన పేర పాసు పుస్తకం. దొంగ కంచె దాటాడు. 329(3) కలపగానే 174(4) పనిచేసి కేసు నిలబడుతుంది. మోటారు షెడ్డు తాళం పగలగొట్టి స్టార్టరు ఎత్తుకెళ్తే ఇంకా సులువు. సొత్తు దాచే కట్టడంలో దొంగతనానికి 305 ఉంది, ఏడేళ్ల దాకా శిక్ష, అక్కడ విలువ ఊసే లేదు. పొగాకు బ్యారనులో కట్టలు పోయినా అంతే. ఆరుబయట బోరు దగ్గర కేబులు కోసుకుపోతే అది 303(2), ధర అడుగుతారు. అయినా పొలం పొలమే కాబట్టి 329 ఉండనే ఉంది.

దారి దొరకనిది ఎవరికి? ఆరుబయట, అందరూ తిరిగే చోట, తన పేర గజం నేల లేని చోట సొత్తు పెట్టుకునేవాళ్లకు. ఒడ్డున ఇసుకలో ఆరేసిన వల. ఉదయగిరి కొండవాలున మేస్తున్న మేకపిల్ల. ఉపాధి హామీ పనికి చెరువులో దిగిన మనిషి కట్టమీద సంచిలో పెట్టిన బటన్ ఫోను. బస్టాండులో నిద్రపోతున్న కూలీ తల పక్కన మూట. ఇక్కడ ఎవరి కంచే దాటలేదు, ఎవరి తాళమూ పగలగొట్టలేదు. చేతిలోంచి లాక్కుంటే 304 వర్తిస్తుంది, దానికి విలువ పట్టింపు లేదు. పక్కన పెట్టి ఉన్నదాన్ని మెల్లగా తీసుకుపోతే వర్తించదు.

ఆ వలనే చూడండి. గుడిసెలో ఉండగా పోతే 305. పడవలో పెట్టి ఉండగా పోతే, సొత్తు ఉంచే నావ అన్న మాట పట్టుకుని 305 అని వాదించవచ్చు. పడవ పక్కనే నాలుగడుగుల దూరాన ఇసుకలో ఉంటే ధర అడుగుతారు. ఎండకు ఆరడానికి వలను ఇసుకలో కాక ఎక్కడ వేస్తారు?

గీత గీసినవాళ్లు పేదవాళ్లను కష్టపెట్టాలనే గీశారని నేను అనుకోను. కానీ ఆచరణలో తేలింది అదే. నేల, గోడ, తాళం ఉన్నవాడి రెండు వేలకు పోలీసు దర్యాప్తు ఉంది, అవి లేనివాడి నాలుగు వేల తొమ్మిది వందలకు లేదు.

కోడిని చంపితే, కోడిని ఎత్తుకెళ్తే

డబ్బుతో నేరాన్ని కొలవడం ఎంత చెడిపోతుందో చట్టానికి తెలియక కాదు. ఐపీసీ 428లో పది రూపాయల విలువైన జంతువు, 429లో యాభై రూపాయలు, 427లో యాభై రూపాయల నష్టం అని 1860లో రాశారు. 2024 దాకా అవే అంకెలు. యాభై రూపాయలకు అప్పుడు ఏమొచ్చేదో ఇప్పుడు ఏమొస్తుందో ఆలోచించండి. కొత్త చట్టం రాసేటప్పుడు జంతువుల విషయంలో ఆ అంకెలు తీసేశారు. న్యాయ సంహిత 325లో ఏ జంతువునైనా చంపితే, విషం పెడితే, అవిటిది చేస్తే అయిదేళ్ల దాకా శిక్ష, కాగ్నిజబుల్. ధరతో పనిలేదు. మంచి పని చేశారు.

ఫలితంగా ఇప్పుడు వీధిలో తిరిగే ఎనిమిది వందల రూపాయల నాటుకోడికి ఎవరైనా కక్షతో మందు పెట్టి చంపితే ఎస్సై కేసు కట్టాలి. అదే కోడిని ఎత్తుకెళ్తే కట్టకూడదు. ఒకే చట్టంలో, ఒకే రోజు అమల్లోకి వచ్చిన రెండు సెక్షన్లు ఇవి. 325లో ధర అక్కర్లేదన్న తెలివి 303 దగ్గరికి వచ్చేసరికి ఎందుకు లేకపోయిందో నాకు అంతుపట్టదు. ఈ 5,000 కూడా అక్కడే పాతుకుపోతుంది. ఇప్పుడు ఈ గీత కింద మేకపిల్ల ఉంటే, పదిహేనేళ్ల తర్వాత అక్కడ ఏముంటుందో ఎవరు చెప్పగలరు?

ఇంకో సంగతి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ‘క్రైమ్ ఇన్ ఇండియా’ నివేదికలో లెక్కకొచ్చేవి కట్టిన కేసులు. డైరీలో సారాంశం రాసి పంపించేసినవి ఆ లెక్కలోకి ఎక్కవు. రేపు చిన్న దొంగతనాలు తగ్గాయని ఎవరైనా చెబితే, తగ్గింది దొంగతనమా, కేసు కట్టడమా అని అడగాల్సి వస్తుంది.

కావలిని మరచిపోకుండా

నన్ను గట్టిగా ఆపే ప్రశ్న ఒకటి ఉంది. చిన్న దొంగతనాలకు వారెంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకు ఇస్తే అది ముందుగా ఎవరి మీద పడుతుంది? మన ప్రాంతం వాళ్లకు ఈ ప్రశ్న పుస్తకంలోది కాదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చాక నెల్లూరు జిల్లా కావలిలో ఎరుకలవాళ్లను నిఘాలో ఉంచిన సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. నేరాన్ని కాక కులాన్ని వర్గీకరించిన చట్టం అది. పుట్టిన బిడ్డ కూడా పుట్టుకతోనే అనుమానితుడు. దేశమంతటా 1952 నాటికి రద్దయింది. ఊళ్లో ఏదైనా పోతే ముందు ఎవరి గుడిసె వెతుకుతారన్నది రద్దు కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది, కొన్నిచోట్ల ఇంకా పడుతూనే ఉంది.

ఈ భయం నిజమైనది. దాన్ని పక్కకు నెట్టి నా వాదన సాగించలేను. కానీ కాగ్నిజబుల్ కావడం వేరు, నాన్ బెయిలబుల్ కావడం వేరు. ఆ రెండు గడులూ విడివిడిగా ఉన్నది అందుకే. తీవ్ర గాయం 117(2) కాగ్నిజబుల్, అయినా బెయిలబుల్. ఏడేళ్ల శిక్ష ఉన్న నేరానికే అది కుదిరినప్పుడు నాలుగు వేల వలకు ఎందుకు కుదరదు? కింది వరసను కాగ్నిజబుల్, బెయిలబుల్ అని మారిస్తే కేసు కడతారు, దర్యాప్తు చేస్తారు. పట్టుకున్నా బెయిలు హక్కుగా వస్తుంది. అరెస్టు అవసరం లేదనుకుంటే సురక్షా సంహిత 35(3) నోటీసు ఇచ్చి పిలిపిస్తారు. సొత్తు యజమాని కావాలనుకుంటే రాజీ పడవచ్చు. తీర్పులో సమాజ సేవ ఎలాగూ ఉంది. న్యాయ సంహితలో ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు, సురక్షా సంహిత షెడ్యూలులో ఒక గడి మారితే చాలు.

స్టేషన్ల మీద బరువు పెరుగుతుందన్న మాట నిజమే. ఎస్సై ఒకరు, సిబ్బంది పదిహేను మంది ఉన్న మండల స్టేషన్లో కోడి దొంగతనానికి ఎవరిని పంపుతారు? దానికి జవాబు విచారణను తేలిక చేయడంలో ఉంది, ఆ పని ఇప్పటికే జరిగింది. సురక్షా సంహిత 283 కింద 20,000 రూపాయల లోపు దొంగతనాలను సంక్షిప్త విచారణతో ముగించవచ్చు. పాత చట్టంలో ఆ హద్దు 2,000. కోర్టు బరువు దింపడానికి పదింతలు పెంచిన చోటు అది. మనిషిని గుమ్మం దగ్గరే తిప్పి పంపడం బరువు దింపడం కిందకు రాదు.

ఈలోగా కాగితం మీద ఏం రాయాలి

గడి మారేదాకా ఫిర్యాదు రాసే తీరులోనే చాలా ఉంది. చట్టం అన్నది 5,000 కంటే తక్కువ అని. సరిగ్గా 5,000 అయితే పై వరసే. విలువ అంటే ఏ విలువో సెక్షనులో రాయలేదు. కాబట్టి పాత ఇనుము లెక్కకు పోకుండా, ఆ వస్తువును అదే స్థితిలో కొనాలంటే ఆ రోజు ఎంతవుతుందో రాసి బిల్లు ఉంటే జత చేయాలి. కేబులైతే ఎన్ని మీటర్లు, ఏ సైజు, వలైతే ఎన్ని కిలోలు, ఏ కన్ను, కొని ఎన్ని నెలలయింది. అబద్ధపు విలువ రాయవద్దు. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట పడిపోయేది అదే, దానితో పాటు మిగిలిన నిజమూ పడిపోతుంది.

విలువ కంటే ముందు చోటు రాయాలి. కంచె ఉందా, తలుపు ఉందా, తాళం ఉందా, ఆ నేల ఎవరి స్వాధీనంలో ఉంది. ‘పొలం దగ్గర పోయింది’ అని రాస్తే 329 కనపడదు. ‘నా స్వాధీనంలోని ఫలానా సర్వే నంబరు పొలంలోకి దొంగతనం చేసే ఉద్దేశంతో దిగి’ అని రాస్తే కనపడుతుంది. అడుగుజాడలను బట్టి ఇద్దరు ముగ్గురు వచ్చినట్టుంటే ఆ మాట, అదే వారంలో పక్కవాళ్లవీ పోయి ఉంటే ఆ మాట కూడా రాయాలి. ముఠాగా చేసే చిన్న దొంగతనాలకు న్యాయ సంహిత 112 ఉంది, దానికి విలువ హద్దు లేదు.

‘దొంగిలించారు’ అని రాసినదాన్ని కొట్టేసి ‘పోగొట్టుకున్నాను’ అని రాసిమ్మనడం ఎక్కడైనా వినపడే మాటే. ఫోను బ్లాక్ చేయించడానికి కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సీఈఐఆర్‌లో పోలీసు ఫిర్యాదు కాపీ అడుగుతారు కాబట్టి చాలామంది ఏదో ఒక కాగితం చాలని ఒప్పుకుంటారు. ఒప్పుకోవద్దు. పోగొట్టుకున్నానని సంతకం పెట్టాక ఆ ఫోను ఎవరి దగ్గర దొరికినా దొంగతనమని నిలబెట్టడం కష్టం.

ఎఫ్ఐఆర్ అయితే సురక్షా సంహిత 173(2) ప్రకారం కాపీ ఉచితంగా ఇవ్వాలి. 174లో ఆ మాట లేదు. అందుకని ఫిర్యాదు రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద స్టేషను ముద్ర, తేదీ, డైరీ నంబరు వేయించుకోవాలి. పదిహేను రోజులకోసారి మేజిస్ట్రేటుకు వెళ్లే రిపోర్టులో మీ సంగతి ఉందో లేదో తర్వాత ఆ నంబరుతోనే అడగగలరు. 174(2) ఉత్తర్వు కోసం పిటిషను వేస్తే మొదటి పేజీలో రాయాల్సిందీ ఆ నంబరే.